నలభై రెండో పురుగు ముందుకాళ్లు

ఆ వేసవిలో మేము భోజనం చేసే బల్ల దగ్గర, అమ్మాయి కూర్చునే చోట, ఒక మైక్రోస్కోపు ఉండేది. దాన్ని తెచ్చి పెట్టింది మ్యూజియంలో పురుగుల విభాగం చూసే పెద్దావిడ. అమ్మాయి నాలుగేళ్లు ఆవిడ చేతి కిందే పనిచేసింది. ఇంట్లో ఎప్పుడూ ఆవిడని 'భూతద్దం మేడమ్' అనేది. ఆ పేరే మాకూ నోట పడింది.

అమ్మాయి పోయి అప్పటికి మూడు నెలలు. బడికి సెలవులిచ్చారు. అమ్మాయి గదిలో ఉన్న పధ్నాలుగు చెక్కపెట్టెలు తిరిగి పంపమని మ్యూజియం నుంచి కబురొస్తే మా ఆవిడ ఒప్పుకోలేదు.

"చూడాలంటే ఇక్కడికొచ్చి చూసుకోమనండి. పెట్టెలు గడప దాటవు," అంది.

ఆ మాటని కాస్త మెత్తబరిచి నేనే ఫోనులో చెప్పాను. మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా మేడమ్ మైక్రోస్కోపు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"మంచిదే లెండి. అక్కడి ఫ్యాను నాకన్నా ముసలిది," అని చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

పెట్టెలకి గాజు మూతలు. లోపల వరసలు వరసలుగా నల్లటి పెంకుపురుగులు, బొటనవేలి గోరంతవి, ఒక్కోటీ కుడి రెక్కడొప్పలోంచి దిగిన సన్నటి సూది మీద నిలబడి ఉంటాయి. పురుగు కింద అదే సూదికి చిన్న చీటీ. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు పట్టారు, ఎన్నో నంబరు. చీటీలన్నీ అమ్మాయి చేతిరాత. చీమ తలకాయంత అక్షరాలు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ," అంది మా ఆవిడ మొదటి రోజు.

"కవలపిల్లల తల్లిని అడిగి చూడండి, ఒకేలా ఉన్నారా అని," అన్నారు మేడమ్. "వీటి వంశం చాలా పెద్దది. పగలంతా రాళ్ల కింద చీకట్లో ఉంటాయి. మీ పిండి డబ్బాలో పడే ఎర్రపురుగు కూడా వీళ్ల మనిషే. వేలు విడిచిన మేనత్త అనుకోండి."

మా ఆవిడ నవ్వింది. మూడు నెలల్లో అదే మొదటిసారి. నవ్వి, తను నవ్వినట్టు తెలిసి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మేడమ్ పని చేసే పద్ధతి నాకు నచ్చేది. లెక్కల మాస్టారిని కదా. ఆవిడ దగ్గర ఒక పాత పట్టిక ఉంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ప్రశ్న, ఒక్కో ప్రశ్నకి రెండే జవాబులు. రెక్కడొప్పల మీద గీతలు ఉన్నాయా, లేవా? ఉంటే నాలుగో ప్రశ్నకి వెళ్లు, లేకపోతే ఆరుకి. కొమ్ముల్లో చివరి పూస ముందు పూసకన్నా పెద్దదా, కాదా? అలా వెళ్లి వెళ్లి ఒక పేరు దగ్గర ఆగుతాం. ఆవిడ అద్దంలోకి చూస్తూ జవాబులు చెప్పేవారు. నేను పక్కన కూర్చుని రాసుకునేవాణ్ని.

అమ్మాయి గదిలో ఒక గాజుతొట్టి కూడా ఉంది. అడుగున ఇసుక, మీద కాస్త తవుడు, ఒక పెంకుముక్క, బతికున్న పురుగులు మూడు. మామూలు రకమే. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని వెల్లకిలా పడిపోతాయి.

"చచ్చినట్టు నటిస్తాయి. ఓపిక పట్టండి, లేస్తాయి," అన్నారు మేడమ్.

మా ఆవిడ తొట్టి పక్కన స్టూలు వేసుకుని, గడియారం చూసుకుంటూ కూర్చుంది. పదకొండు నిమిషాలకి ఒక కాలు కదిలింది. రాళ్లగుట్ట మీంచి అమ్మాయిని దించి తెచ్చిన రోజున కూడా ఆవిడ అలాగే పక్కన కూర్చుంది. ఎవరు లేపినా లేవలేదు.

పొద్దు వాలాక ఆ మూడింట్లో ఒకటి పొట్టని పెంకుముక్కకేసి కొట్టేది. టక్ టక్ టక్. కాస్త ఆగి మళ్లీ. జతని పిలవడానికట. అమ్మాయి చదువుకునేటప్పుడు పెన్సిలుని బల్లకి అలాగే కొడుతూ ఉండేది. ఆ సంగతి మేమిద్దరం పైకి అనుకోలేదు. మా ఆవిడ మటుకు ఒక చెంచా పట్టుకుని వెళ్లి తొట్టి అంచు మీద మూడుసార్లు కొట్టేది. లోపల్నుంచి మళ్లీ జవాబు వచ్చేది. నేను ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చుని, ఏ వార్తా చదవకుండా, ఆ రెండు చప్పుళ్లూ వినేవాణ్ని.

నలభై రెండో నంబరు పురుగు ఆరో పెట్టెలో ఉంది. మేడమ్ వచ్చిందే దానికోసం.

పోయిన ఏడాది ఒక పొద్దున అమ్మాయి టీ తాగుతూ దాని గురించి చెప్పింది. మామూలు పురుగుల ముందుకాళ్లు లోపలి అంచున నున్నగా ఉంటాయి. నలభై రెండుకి మాత్రం రెండు ముందుకాళ్లకీ లోపలివైపు చిన్న పన్నులాంటిది ఉంది, దాని కింద పసుపుపచ్చ నూగు కుచ్చు ఉంది. అలాంటిది పట్టికలో లేదు. ఊరి బయట రాళ్లగుట్ట మీద దొరికింది. అలాంటిదే ఇంకొకటి దొరుకుతుందేమోనని అమ్మాయి అప్పట్నుంచి తీరిక దొరికినప్పుడల్లా గుట్టకి వెళ్లేది.

"ఒక్క పురుగుని చూసి కొత్త జాతి అని రాసినవాళ్లు ఉన్నారు," అన్నారు మేడమ్ రెండో వారంలో. "రాయచ్చు. ముందు మిగతావన్నీ చూసి, ఇది వాటిల్లో ఏదీ కాదని తేల్చుకోవాలి."

"తేలితే?" అంది మా ఆవిడ.

"తేలితే పేరు పెట్టాలి. కనిపెట్టినవాళ్లు తమ పేరు తామే పెట్టుకోకూడదు. పక్కవాళ్లు పెట్టచ్చు. నేను అమ్మాయి పేరు పెడతాను."

మా ఆవిడ చేతిలో గరిటె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి అడిగింది.

"ఎన్నాళ్లుంటుందండీ ఆ పేరు?"

"పుస్తకాలున్నన్నాళ్లూ. ఆ పురుగు లేకుండా పోయినా పేరు ఉంటుంది."

నేను టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. కడిగినవే మళ్లీ కడిగాను.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక రోజు అమ్మాయి గది కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే వెయ్యడానికి వెళ్లాను. తను ఇంట్లో లేదు. బల్ల అంచున మూత తీసిన పెట్టె ఉంది. నా మోచెయ్యి తగిలి రెండు పురుగులు సూదులతో సహా కింద పడ్డాయి. ఒకటి లోపల చివికిపోయి ఉందేమో, పొడిపొడి అయింది. రెండోదానికి ముందుకాళ్లు ఊడాయి. నేల మీద కాళ్లు అక్కడొకటీ ఇక్కడొకటీ. చేతికి దొరికిన వస్తువునల్లా బాగుచెయ్యడం నా అలవాటు. పిల్లల చిరిగిన పుస్తకాలు, విరిగిన స్కేళ్లు, ఏవైనా. బడి గమ్ము సీసా తెచ్చి, కాళ్లలో జతగా ఉన్నవి రెండు ఏరి, అగ్గిపుల్ల మొనతో అంటించాను. చక్కగా కుదిరాయి. మిగిలిన పొడి, కాళ్ల ముక్కలు, సూదికున్న చీటీ అన్నీ ఊడ్చి చెత్తబుట్టలో వేశాను.

చెప్పలేదు. చెబితే తిడుతుందని కాదు. అమ్మాయి ఎప్పుడూ తిట్టలేదు. అంత చక్కగా కుదిరిందని.

ఆ తరవాతి ఏడాది అమ్మాయి టీ తాగుతూ ముందుకాళ్ల గురించి చెప్పిన రోజు, ఏ పెట్టెలోది అని నేను అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది. తెలుసుకోకుండానే ఏడాదంతా గడిపాను. ఆ ఏడాది చివర, చలికాలంలో, తను గుట్ట మీంచి జారిపోయింది.

మా బావమరిది బోర్డులు రాస్తాడు. అక్క చెప్పిందని, పేరు ఇంకా అచ్చు కాకముందే ఒక నున్నటి చెక్క తెచ్చి చూపించాడు.

"అక్కా, మేడమ్ గారు చెప్పిన పేరు రెండు మాటలు. రెండో మాట మన పిల్లది, చివర లాటిన్ తోక ఉంది. ఈ చెక్క చాలదు. గోరంత పురుగుకి కొండంత పేరు."

"పెద్దదే తే. దాని గది తలుపు మీద పెట్టాలి."

"మరి బావ ఏం మాట్లాడడేం? బావా, అక్షరాలు గుండ్రంగా రాయనా, నిలువుగా రాయనా?"

"నీ ఇష్టం," అన్నాను.

"ఇదిగో, ఇదీ వరస. నలభై ఏళ్లు పిల్లలకి ప్రశ్నలు వేసినాయన, తనని అడిగితే మాత్రం నీ ఇష్టం అంటాడు."

మేడమ్ తలెత్తకుండానే నవ్వారు. మైక్రోస్కోపు కింద నలభై రెండు ఉంది.

"మాస్టారూ, ఇక్కడ కాస్త గమ్ముంది," అన్నారు. "తొడ మొదట్లో. ఊడితే అంటించి ఉంటుంది. మేమందరం అంటిస్తాం, దాన్ని తప్పుపట్టరు." మరుక్షణంలో వేరే మాటలోకి వెళ్లిపోయారు.

అప్పుడు చెప్పి ఉండవలసింది. బావమరిది చెక్కని గోడకి ఆనించి కొలుస్తున్నాడు. మా ఆవిడ ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి అంటోంది.

నెల తిరిగేసరికి పధ్నాలుగు పెట్టెలూ అయిపోయాయి. నలభై రెండు లాంటిది మరొకటి లేదు. సైన్సు పత్రిక్కి పంపవలసిన వర్ణన మేడమ్ చెప్తుంటే నేను రాసేలా ఏర్పాటు. నా చేతిరాతే కావాలని మా ఆవిడ పట్టుబట్టింది. తరవాత ఎలాగూ అచ్చుకి కొడతారు, అయినా మొదటి కాగితం ఇంట్లో ఉండాలంది.

పొద్దున పది గంటలకి మొదలుపెట్టాం. ఫ్యానుకి కాగితాలు ఎగరకుండా నా కళ్లజోడు పెట్టె బరువు పెట్టాను.

"రంగు నలుపు, మెరుపు లేదు," అన్నారు మేడమ్. రాశాను. "తల వెడల్పు పొడుగుకన్నా ఎక్కువ." రాశాను. "రెక్కడొప్పలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, ఎగరలేదు." రాశాను.

"ఇంతవరకూ మామూలుదానికీ దీనికీ వెంట్రుకంత తేడా కూడా లేదు. ఉన్నదంతా ఇక్కడే ఉంది. ఊఁ, రాయండి. ముందుకాళ్లు. లోపలి అంచున ఒక పన్ను."

'ముందుకాళ్లు' అని రాశాను. కలం అక్కడ ఆగింది.

"రాయండి మాస్టారూ."

"ఆ కాళ్లు నేను అంటించాను," అన్నాను.

మేడమ్ అద్దంలోంచి కళ్లు తియ్యలేదు.

"మీరా?"

"పెట్టెకి నా మోచెయ్యి తగిలింది. రెండు పడ్డాయి. ఒకటి పొడయింది. కాళ్లు ఏది ఎవరిదో నాకు తెలియదు. జతగా ఉన్నవి చూసి అంటించాను."

ఆవిడ నెమ్మదిగా వెనక్కి ఆనుకున్నారు. కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు.

"ఆ గమ్ము చూసి నేను, తనే అంటించుకుందనుకున్నాను," అన్నారు. "నేను అంటించాననుకుని ఉంటుంది తను. పెట్టె ఇక్కడికీ అక్కడికీ తిరిగేది కదా. ఒకరినొకరం అడగలేదు. రోజూ చేసే పనే కదా, ఏముంది అడగడానికి." తుడిచిన కళ్లజోడు పెట్టుకుని, "ఏ గమ్ము?" అన్నారు.

"బడిది. సీసాలో వచ్చేది."

"అయితే నీళ్లకి వదులుతుంది. గోరువెచ్చటివి కాసిని తెండి."

గిన్నెలో నీళ్లు పెడుతుంటే మా ఆవిడ ఎందుకని అడిగింది. మేడమ్ కి అన్నాను. తను చెయ్యి తుడుచుకుంటూ నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

మేడమ్ సన్నటి కుంచెతో ఒక్క బొట్టు పెట్టారు. ఆగారు. ఇంకో బొట్టు. కుడికాలు ముందు వచ్చింది, తరవాత ఎడమది. రెండింటినీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టారు. రెండు కామాల్లా ఉన్నాయి. కాళ్లు తీసేసిన నలభై రెండు పెట్టెలో మిగతావాటిలాంటిదే.

"ఏమైంది?" అంది మా ఆవిడ.

మేడమ్ నావైపు చూశారు. నేనే చెప్పాను. మేడమ్ కి చెప్పిన మాటలే, అదే వరసలో.

మా ఆవిడ నన్ను అడగలేదు. మేడమ్ ని అడిగింది. "అయితే అది లేదా అండీ? అలాంటి పురుగు?"

"ఉంది. కాళ్లు అబద్ధం కాదు కదమ్మా. ఆ రోజు పొడైపోయినదే అది." మేడమ్ అమ్మాయి రిజిస్టరు తెరిచి వేలితో వెతికారు. "నలభై మూడు. కనిపించడం లేదని పెన్సిలుతో రాసుకుంది. నా దగ్గర ఉండిపోయిందనుకుందేమో. అదే గుట్ట, అదే రోజు. పైన బల్లపరుపు బండ దగ్గర."

"మరి పేరు?"

"రెండు కాళ్లకి పేరు పెట్టలేను."

మా ఆవిడ కాసేపు కాగితం మీదున్న కాళ్లని చూసింది. అప్పుడు నావైపు తిరిగింది.

"గుట్టకి వెళ్లిన ఆ పొద్దున నీళ్ల సీసా నింపి ఇచ్చాను దానికి. మీరేం చేస్తున్నారు?"

"పేపర్లు దిద్దుతున్నాను."

"ఇంకొక్కటి దొరికితే చాలు నాన్నా అని మీతోనే కదా చెప్పింది."

"చెప్పింది."

"మీరేమన్నారు?"

"జాగ్రత్తగా వెళ్లమన్నాను."

గిన్నెలో నీళ్లు తీసుకుని తను లోపలికి వెళ్లిపోయింది.

మేడమ్ ఆ కాళ్లని చిన్న అట్టముక్క మీద అంటించి, సూది గుచ్చి, చీటీ తనే రాశారు. గుట్ట, తేదీ, అమ్మాయి పేరు. కింద: 'ముందుకాళ్లు మాత్రమే.' సాయంత్రం మైక్రోస్కోపు సర్దుకుని వెళ్లిపోయారు. బల్ల దగ్గర ఆ చోటు ఖాళీ అయింది.

తరవాత పన్నెండు రోజులు మా ఆవిడ నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. భోజనానికి రండి. పాలు వచ్చాయి. ఎవరో ఫోను. కోపంగా కాదు. కోపమైతే నాకు తేలికగా ఉండేది. బావమరిది ఒకరోజు వచ్చి, రంగు వెయ్యని చెక్కని చంకలో పెట్టుకుని, "వస్తా బావా," అని మెల్లిగా వెళ్లాడు. అతను జోకు వెయ్యకుండా మా గడప దాటడం నేను చూడ్డం అదే మొదటిసారి.

పొద్దు వాలాక తొట్టిలో చప్పుడు మొదలయ్యేది. టక్ టక్ టక్. వంటింట్లో చెంచాలు కదిలేవి కావు. కాస్త ఆగి మళ్లీ టక్ టక్ టక్. జవాబు రాకపోయినా అది మానేది కాదు. ఒక్కోసారి గంటసేపు పిలిచేది. ఉండబట్టలేక ఒకరోజు నేను లేచి వెళ్లి తొట్టి అంచు మీద వేలితో మూడుసార్లు కొట్టాను. లోపలి చప్పుడు ఆగిపోయింది. ఆ సాయంత్రం మళ్లీ రాలేదు.

బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా, నేను పక్కలు దులుపుతుంటే మా ఆవిడ వచ్చి చెప్పింది.

"రేపు మొదటి బస్సుకి గుట్టకి వెళ్తున్నాను. మేడమ్ గారిని రమ్మన్నాను గానీ ఆవిడకి మోకాళ్లు పనిచెయ్యవట. నాకు దగ్గరి చూపు ఆనదు. మీరు రావాలి."

పన్నెండు రోజుల్లో అంత పొడుగు మాట అదే.

గుట్ట నేను అనుకున్నంత ఎత్తు లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది. మబ్బు పట్టి ఉంది, వాన ఇంకా రాలేదు. మా ఆవిడ అమ్మాయి చేతిసంచి భుజాన వేసుకుని ముందు నడిచింది. ఎలా చెయ్యాలో మేడమ్ ని ఫోనులో అడిగి తెలుసుకున్నట్టుంది. రాయిని తనవైపుకి లేపాలి, పాములుంటాయి కాబట్టి. చూడాలి. చూశాక ఎలా ఉన్న రాయిని అలా, అదే గుంటలో, అదే వైపు కిందకి పెట్టెయ్యాలి.

"వాటి ఇంటి కప్పు కదా. తీసి వదిలేస్తే ఎండకి చస్తాయట," అంది.

తను లేపేది. నేను పురుగుని రెండు వేళ్లతో పట్టుకుని, భూతద్దంలో ముందుకాలు చూసేవాణ్ని.

"పన్ను ఉందా?"

"లేదు."

పురుగుని దించేవాణ్ని. అది చచ్చినట్టు పడి ఉండేది. తను దాని మీదికి రాయి మెల్లిగా వంచేది. ఇంకో రాయి.

"పన్ను ఉందా?"

"లేదు."

తప్పు చెప్పాలని ఒకసారి కూడా అనిపించలేదు. లేదు, లేదు అంటూ పైదాకా వెళ్లాం. ముప్ఫై రాళ్ల తరవాత లెక్క పెట్టడం మానేశాను.

బల్లపరుపు బండ గుట్ట అంచున ఉంది. దానికి నాలుగడుగులు ఇవతల ఒక రాయి వెల్లకిలా పడి ఉంది. చుట్టూ రాళ్లన్నీ ఎండకి నెరిసి బూడిదరంగులో ఉన్నాయి. అది ఒక్కటే ఎర్రమట్టి మరకని పైకి పెట్టుకుని ఉంది. పక్కనే దాని గుంట, దాని ఆకారంలోనే.

దారిలో ఎక్కడా మేము అలా లేపి తిరిగి పెట్టని రాయిని చూడలేదు.

ఇద్దరం నిలబడ్డాం. గాలికి సంచి పట్టీ కొట్టుకుంటోంది. మా ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని ఆపింది. చాలాసేపటికి, "గుంటలో చూడండి," అంది.

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఎండిన గడ్డివేళ్లు, ఒక పాత సాలెగూడు, పగుళ్లు.

"ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు."

"సరిగ్గా చూడండి."

భూతద్దం పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి, పరీక్ష పేపరు దిద్దినట్టు చూశాను.

"లేదు," అన్నాను.

"అయితే ఆ పక్క పట్టుకోండి."

రాయి బరువుగా ఉంది. అమ్మాయి ఒక్కతే ఎలా లేపిందో. ఏ మూల ఎటు ఉండాలో గుంటని చూసి సరిచూసుకుని, ఎర్రమట్టి వైపు కిందకి తిప్పి, దించాం. మొదటిసారి సరిగ్గా కూర్చోలేదు, ఒక అంచు లేచి ఉంది. మా ఆవిడ ఊపిరి తీసుకుని నావైపు తల ఊపింది. మళ్లీ ఎత్తి, కొంచెం తిప్పి, దించాం.